విండోస్ పార్టిషన్‌నే వర్చువల్‌బాక్స్‌లో నడపడం: ఏళ్లపాటు వాడాక

పేజ్‌మేకర్ ఫైలొకటి తెరవడానికో, ట్యాలీలో వోచర్ చూడడానికో ఉబుంటు (లినక్స్) మూసి విండోస్‌లోకి రీస్టార్ట్ కొట్టడం డ్యూయల్ బూట్ (ఒకే కంప్యూటర్‌లో రెండు సిస్టమ్‌లు) వాడేవాళ్లందరికీ విసుగే. డిస్కులో ఉన్న ఆ విండోస్ 10నే, మళ్లీ ఇన్‌స్టాల్ చేయకుండా, ఒక సిస్టమ్ లోపల ఇంకో సిస్టమ్‌ను నడిపే వర్చువల్‌బాక్స్ 7లో ఉబుంటు నుంచే నడపొచ్చు. బాగా నడుస్తుంది, కానీ ఏమరుపాటుగా ఉంటే విండోస్ ఉన్న డిస్కు భాగం, అంటే పార్టిషనే పోతుంది.

ముందు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్, హైబర్నేషన్ ఆపేయండి. ఫాస్ట్ స్టార్టప్ ఉంటే షట్‌డౌన్ చేసినా కెర్నల్ (సిస్టమ్ మూల భాగం) సగం నిద్రలోనే ఉంటుంది. బిట్‌లాకర్ (విండోస్ డిస్కు తాళం) ఉంటే 48 అంకెల రికవరీ కీ దగ్గర పెట్టుకోండి. కంప్యూటర్‌లో తాళాలు దాచే అసలు టీపీఎం చిప్ వర్చువల్ మెషిన్ లోపలికి కనబడదు కాబట్టి ఆ కీ అడుగుతుంది.

తర్వాత రా డిస్కు వీఎండీకే ఫైలు (అసలు డిస్కును వర్చువల్‌బాక్స్‌కు చూపించే ఫైలు) తయారు చేయాలి. మొత్తం డిస్కు ఇవ్వకండి. ఈఎఫ్‌ఐ (బూట్ ఫైళ్లుండేది), విండోస్ పార్టిషన్ల నంబర్లే ఇచ్చి, రిలేటివ్ ఆప్షన్ పెట్టండి. అప్పుడు ఆ రెండింటికే యూడెవ్ రూల్‌తో (లినక్స్‌లో పరికరాల అనుమతులు చూసే నియమం) అనుమతి ఇస్తే చాలు. యూజర్‌ను 'డిస్క్' గ్రూపులో చేర్చమనే సలహా చాలాచోట్ల కనిపిస్తుంది, వద్దు. దానితో మీ పేరున నడిచే ఏ ప్రోగ్రామైనా డిస్కంతా చెరిపేయగలదు.

వర్చువల్ మెషిన్‌లో ఈఎఫ్‌ఐ ఆన్ చేసి, డిస్కును సాటా కంట్రోలర్‌కు తగిలించండి. మొదటిసారి గ్రబ్ (ఉబుంటు బూట్ మెనూ) వచ్చి ఆగిపోవచ్చు. మనం ఇవ్వని లినక్స్ పార్టిషన్ లోపల సున్నాలుగానే కనిపిస్తుంది, అందుకే గ్రబ్‌కు తన ఫైళ్లు దొరకవు. ఈఎఫ్‌ఐ మెనూలోని బూట్ మెయింటెనెన్స్ మేనేజర్‌లో మైక్రోసాఫ్ట్ ఫోల్డర్‌లోని బూట్ ఫైలును ఎంట్రీగా చేర్చండి. 'ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్' అని నీలి తెర వస్తే, అసలు మెషిన్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ (విండోస్ సెట్టింగుల పనిముట్టు)తో సేఫ్ బూట్ పెట్టి, వర్చువల్‌లో ఒకసారి లేపి, ఆపై ఆ సేఫ్ బూట్ తీసేయండి. బయోస్‌లో డిస్కు రెయిడ్ మోడ్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌ల్లో ఈ సమస్య ఎక్కువ.

అన్నిటికన్నా ప్రమాదం మౌంట్ (పార్టిషన్‌ను వాడకానికి తగిలించడం) దగ్గర. ఉబుంటు లేవగానే ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ను '/బూట్/ఈఎఫ్‌ఐ'లో తగిలించేస్తుంది. ఫైల్ మేనేజర్‌లో విండోస్ డ్రైవ్ మీద ఒక్క క్లిక్ పడితే అదీ మౌంటవుతుంది. రెండు సిస్టమ్‌లు ఒకే పార్టిషన్‌లో రాస్తే విండోస్ ఫైళ్ల అమరిక ఎన్‌టీఎఫ్‌ఎస్ చెడిపోతుంది. అందుకే ముందు రెండూ అన్‌మౌంట్ చేసి, అవి నిజంగా ఊడాయని చూశాకే మెషిన్ లేపే చిన్న స్క్రిప్ట్ తప్పనిసరి. సేవ్ స్టేట్, స్నాప్‌షాట్ జోలికి పోవద్దు, ఎప్పుడూ పూర్తి షట్‌డౌనే.

డిస్కు వేగం బాగుంటుంది, 3డీ పనులకు మాత్రం సరిపోదు. హార్డ్‌వేర్ మారినట్టు అనిపించి విండోస్ యాక్టివేషన్ అడగొచ్చు.