లైటున్న లెన్సు: ఆరేళ్ల తర్వాత

పది రెట్లు పెద్దదిగా చూపించే, మడిచి జేబులో వేసుకునే లెన్సు ఇది. అద్దం నాణ్యత గురించి ఇప్పటికే చాలామంది చెప్పారు, నాకూ దానితో పేచీ లేదు. నా కోపమంతా ఆ అద్దం చుట్టూ వలయంలా బిగించిన ఎల్‌ఈడీ లైటు మీదే.

కొన్న కొత్తలో ఆ లైటు చూసి మురిసిపోయిందీ నేనే. లైటు లేని లెన్సు కొనకండని నలుగురికి గట్టిగా చెప్పాను కూడా. ఏరుకొచ్చిన ప్రతి రాయినీ లైటు వేసి చూడటం, శిలాజమో ఉత్త రాయో తేల్చేసి డబ్బాలో పడేయటం. అలా తేల్చేసినవాటిలో అరచేతిలో సగం ఉండే బూడిదరంగు సున్నపురాయి ఒకటి. ఎటు తిప్పినా నున్నగా, చప్పగా కనిపించింది. డబ్బాలో వేయడానికి కూడా మనసొప్పక, కాగితాలు ఎగిరిపోకుండా బల్ల మీద పెట్టుకున్నాను. రెండేళ్లు దాని ఉద్యోగం అదే.

ఒక సాయంత్రం లెన్సు తీస్తే లైటు వెలగలేదు. లోపలి బటన్ సెల్లు అయిపోయింది. విసుక్కుంటూనే, చేతికందిన ఆ సున్నపురాయిని కంటి దగ్గరికి తెచ్చాను. కిటికీలోంచి పొద్దువాలే ఎండ రాతిని ఒరుసుకుంటూ పోతోంది. ఒక మూల సన్నటి నీడగీతలు! విసనకర్ర పుల్లల్లా ఒక్క చోట మొదలై విచ్చుకుంటున్నాయి. వాటిని అడ్డంగా కోస్తూ, వంపు తిరిగిన ఇంకా సన్నటి గీతలు. చిప్ప ఏ దశలో ఎంతవరకు పెరిగిందో చెప్పే అంచులు అవి. నడిమధ్య ఒక గీత ఊహించుకుంటే కుడి సగం, ఎడమ సగం ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాల్లా ఉన్నాయి. ఆల్చిప్పల్లో ఒక్క చిప్పను అలా నిలువునా పంచితే సాధారణంగా రెండు సగాలూ సరిపోవు. ఆల్చిప్పలాగే రెండు చిప్పలుండే వేరే జాతి సముద్రజీవి, బ్రాకియోపాడ్, దాని చిప్పకు సరిపోతాయి. ఇన్నాళ్లూ నా కాగితాల మీద కూర్చున్నది బ్రాకియోపాడ్ అన్నమాట.

లైటు చేసిన ద్రోహం అప్పుడు అర్థమైంది. మన చూపు వెళ్లే దారినే దాని వెలుగూ వెళ్తుంది, అన్ని వైపులనుంచీ ఒకేసారి పడుతుంది. నీడకు చోటు ఉండదు. వెంట్రుకవాసి లోతున్న గీత నీడ వల్లే కదా కనబడేది!

మర్నాటి నుంచి డబ్బా మొత్తం తిరగతోడాను. గదిలో దీపాలు ఆర్పి, చిన్న టార్చిని బల్లకు ఆనించి, పక్కనుంచి వెలుగు వేసి చూడటం. వారం రోజులు ఒకటే పండగ. ఆ పండగలో సగం ఉత్తదేనని తర్వాత తెలిసింది. పక్క వెలుగు పడితే ప్రతి రాయీ శిలాజంలాగే ఉంటుంది మరి. చెక్క శిలాజమని నేను ఎగిరి గంతేసిన రాతి మీద గీతలు రెండు రాతి పలకలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ జరిగినప్పుడు పడ్డవి. స్లికెన్‌సైడ్ అంటారు. ఆ గీతలకు మొదలూ లేదు, పెరుగుదలా లేదు, ఈ చివర నుంచి ఆ చివరకు సమాంతరంగా పోతాయంతే. ఇంకో తంటా ఏమిటంటే, వెలుగు కింది వైపునుంచి పడితే గుంట గుబ్బలా, గుబ్బ గుంటలా కనబడుతుంది. అందుకే ఇప్పుడు టార్చి ఎప్పుడూ ఎడమ పై మూలనే పెడతాను, ఆపైన రాయిని తిప్పి మళ్లీ చూస్తాను.

నిజం చెప్పాలంటే, నేను తిట్టిన ఆ లైటే ఒకచోట నన్ను కాపాడింది. ఫెర్న్ ఆకు అని చీటీ అంటించి దాచుకున్న రాయి ఒకటుంది. అది నల్లటి మరకే తప్ప ఎత్తుపల్లాలున్నది కాదు, పక్కనుంచి ఎంత వెలుగు వేసినా లాభం లేదు. కొత్త సెల్లు వేసి నేరుగా చూస్తే నడి ఈనె లేదు, చిట్టి ఆకులకు అంచుల్లేవు. రాతి పగులు దగ్గర మొదలైన కొమ్మలు ఇష్టమొచ్చినట్టు చీలిపోతున్నాయి. పగుళ్ల వెంట నీటితో వచ్చి పేరుకున్న మాంగనీస్ ఆక్సైడ్, అంటే డెండ్రైట్. చీటీ పీకేశాను.

పొరబడ్డది నేనొక్కణ్నే కాదులెండి. భీమ్‌బేట్కా రాతి గుహలో 55 కోట్ల ఏళ్ల నాటి డికిన్సోనియా అనే చదునైన సముద్రజీవి శిలాజం దొరికిందని 2021లో పరిశోధకులే ప్రకటించారు. తర్వాత వెళ్లిన మరో బృందానికి అది రాతి మీంచి ఊడిపోతూ కనబడింది. పాడైన తేనెపట్టు అని 2023లో పత్రం వచ్చింది, మొదట ప్రకటించినవాళ్లూ ఒప్పుకున్నారు. వాళ్ల ముందు నా ఫెర్న్ ఎంత!

ఇంతకీ కొనాలా అంటే, నాలాగా ఇంట్లో బల్ల దగ్గర తీరిగ్గా కూర్చుని, పక్కన టార్చి పెట్టుకుని చూసేవాళ్లకు లైటు లేని లెన్సే చాలు. వెలుగు అందని రాతి సందుల్లో తల దూర్చేవాళ్ల సంగతి వేరు, నేను అలా పనిచేయలేదు. నాకు కళ్లజోడు ఉంది, అద్దానికి ఆనించి పట్టుకుంటే ఆ లైటు వలయం ముక్కుకు తగులుతుంది, అదొక చిరాకు. కొత్తది కొనే ఉద్దేశమైతే లేదు. సెల్లు విడిగా తీసి సొరుగులో ఉంచాను, మరకలున్న రాళ్లు వచ్చినప్పుడు వేసుకుంటాను.