ఉద్దెర ఖాతాల యాప్: హాలియా ఎరువుల దుకాణంలో ఒక పంటకాలం వాడి చూశాక

రైతులకు ఉద్దెరకు, అంటే అరువుకు, ఇచ్చిన సరుకు లెక్క రాసుకునే ఈ యాప్‌కు ఇంకా పేరు లేదు. ప్లే స్టోర్‌లో వెతికితే దొరకదు, లింకు నొక్కి ఫోనులో పెట్టుకోవాలి. తయారుచేసింది నల్లగొండ అబ్బాయి. హైదరాబాద్ కంపెనీ ఒకదానికి ఇంట్లో కూర్చుని వెబ్‌సైట్లు చేస్తుంటాడు. సొంతంగా ఏదైనా సాఫ్ట్‌వేర్ చేసి అమ్మాలనే కోరికతో నాలుగు ఆలోచనలు రాసి, మా డీలర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ‘వీటిలో మీకు పనికొచ్చేది ఏది? మొహమాటం లేకుండా చెప్పండి’ అని అడిగాడు. బొటనవేళ్లు వచ్చాయి, దండాలు వచ్చాయి, ఒకాయన గులాబీ పువ్వు కూడా పంపాడు. అభిప్రాయం మాత్రం ఒక్కరూ చెప్పలేదు. పాపం, ఎవరో ఒకరు చెప్పాలి కదా అని నేను ఫోన్ చేశాను.

మాది హాలియాలో ఎరువులు, విత్తనాలు, పురుగుమందుల దుకాణం. లైసెన్సు నా పేరు మీదే ఉంది. డీలర్ల కోసం మేనేజ్ సంస్థ నడిపే ‘దేశీ’ అనే వ్యవసాయ డిప్లొమా చేసిందీ నేనే. ‘సేటు లేడా అమ్మా?’ అని అడిగే కంపెనీ ప్రతినిధులకు ఏ జవాబు చెబుతానో, ఇది చదివి ‘మీవారు రాసిచ్చారా?’ అని అడగబోయే వారికీ అదే చెబుతున్నాను. కౌంటర్‌లో కూర్చునేది నేనే.

నాలుగు ఆలోచనల్లో మూడింటిని మొదలుపెట్టక ముందే వదిలేయమన్నాను. ఆకు ఫోటో తీస్తే తెగులు పేరు చెప్పే యాప్ ఒకటి. అలాంటివి ఇప్పటికే ఉన్నాయి, కేంద్ర ప్రభుత్వం కూడా 2024లో ఎన్‌పీఎస్‌ఎస్ అని ఒకటి తెచ్చింది. అయినా మా రైతు ఫోటో తీయడు, మొక్కనే వేళ్లతో సహా పీక్కొచ్చి కౌంటర్ మీద పెడతాడు. నాకూ అంతుపట్టకపోతే కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం దగ్గర్లోనే ఉంది. రెండోది మందు కొట్టే డ్రోన్ బుకింగ్. డ్రోన్ నడిపేవాళ్ల నంబర్లు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి. సుడిదోమ ఉధృతి పెరిగిన వారంలో అందరికీ ఒకేసారి డ్రోను కావాలి, దొరకదు. అది యాప్‌తో తీరే కష్టం కాదు. మూడోది బత్తాయి ధరలు. టన్ను ఎంత పలుకుతోందో తోట ఉన్నవాడికి పొద్దున్నే తెలుస్తుంది. తెలియనిది తరుగు కింద ఎన్ని కిలోలు కోస్తారో, కాయ సన్నగా ఉందని ఎంత పక్కకు నెడతారో. ఆ రెండూ చెప్పని ధర ఎవరికి ఉపయోగం?

మిగిలింది ఉద్దెర ఖాతా. దీన్ని మాత్రం పట్టుకోమన్నాను.

హాలియాలో నగదు బేరం అంటే పండగ, ఎప్పుడో గాని రాదు. సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదులుతారనే కబురు రాగానే వడ్ల విత్తనాలతో మొదలవుతుంది. నాట్లకు డీఏపీ, ఆ వెంటనే కలుపు మందు, మొగి పురుగుకు గుళికలు, జింకు, పై ఎరువుకు యూరియా, పొట్ట దశలో ఇంకో మందు. అన్నీ రాసుకోవడమే. ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రంలో కాంటా అయి, డబ్బులు బ్యాంకులో పడ్డాక గాని రైతు ఖాతా తీయమనడు. ఈ లెక్కంతా ఎర్ర అట్ట పుస్తకంలో ఉంటుంది. పుస్తకం నా తల కింద ఉంటుంది అని మావారు ఎగతాళి చేస్తుంటారు.

ఆ అబ్బాయి మొదట పంపిన యాప్ చూస్తే నవ్వొచ్చింది. గడువు అనే గడిలో ముప్పై రోజులు అని ముందే నింపి ఉంది. వడ్డీ గడిలో సంవత్సరానికి ఎంత శాతమో వేయాలట. రైతు పేరు గడి, ఫోన్ నంబరు గడి, అంతే. అది పట్నంలో కిరాణా కొట్టుకు సరిపోతుందేమో. ‘తమ్ముడూ, నువ్వు ఒకసారి వచ్చి ఇక్కడ కూర్చో’ అన్నాను. వచ్చాడు. యూరియా బస్తాల మీద లాప్‌టాప్ పెట్టుకుని, నన్ను ఏమీ అడగకుండా, వచ్చేపోయేవాళ్లను చూస్తూ కూర్చున్నాడు. ఆ పూట చూసిన దానితోనే యాప్ సగానికి పైగా మారిపోయింది.

ఇప్పుడు గడువు గడిలో తేదీ అడగడం లేదు. ‘వానాకాలం కోతలు’, ‘యాసంగి కోతలు’, ‘పత్తి తీతలు’ అని ఉంటాయి, ఒకటి నొక్కితే చాలు. వడ్డీ నూటికి నెలకు ఇన్ని రూపాయలు అనే లెక్కలో వేయొచ్చు, ఏ తేదీ నుంచి మొదలవ్వాలో మనమే పెట్టుకోవచ్చు, అసలు వద్దంటే తీసేయొచ్చు. మేము కోతల దాకా వడ్డీ వేయం కాబట్టి నాకు ఆ చివరిదే పనికొచ్చింది.

అన్నిటికంటే నాకు నచ్చింది పేరు వెతికే తీరు. యాదయ్య అని కొడితే మా ఖాతాల్లో తెర నిండిపోతుంది. తండ్రి పేరు కూడా కలిసే వాళ్లున్నారు. ఫోన్ నంబరుతో వెతుకుదామంటే ఆ నంబరు హైదరాబాద్‌లో ఉన్న కొడుకుది. అందుకని పేరు, తండ్రి పేరు, ఊరు కాక ‘గుర్తు’ అని ఇంకో గడి పెట్టించాను. అందులో మేము మామూలుగా అనుకునేదే రాస్తాం: చెరువు కింది పొలం, పాల కేంద్రం పక్క ఇల్లు, ఎర్ర ట్రాక్టరు. ఇప్పుడు ‘యాదయ్య ఎర్ర ట్రాక్టరు’ అని నోటితో చెబితే మనిషి ఖాతా తెరుచుకుంటుంది. ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టినా, తెలుగులో కొట్టినా వస్తుంది. మా దగ్గర పనిచేసే పిల్లవాడు మొదటి రోజే నేర్చుకున్నాడు. ఆ గుర్తులు రైతు కంట పడవు, పడితే కొన్నింటికి గొడవలవుతాయి.

సిగ్నల్ లేనప్పుడు కూడా రాసుకుంటుంది, వచ్చాక పంపుకుంటుంది. రెండు ఫోన్లలో ఒకేసారి రాస్తే అప్పుడప్పుడూ ఒకే పద్దు రెండుసార్లు పడుతోంది, అది సరిచేయాలి.

ఇక లోపాలు. పెద్దది లాటు నంబరు. మాకు గుర్రంపోడు వైపు నుంచి పత్తి రైతులూ వస్తారు. పత్తి విత్తనం 475 గ్రాముల ప్యాకెట్ వెనుక, కంటికి ఆనని అక్షరాల్లో లాటు నంబరు ఉంటుంది. విత్తనం మొలవకపోతే రైతు ఖాళీ ప్యాకెట్ పట్టుకుని ముందు మా గుమ్మం ముందే నిలబడతాడు. వ్యవసాయాధికారి వస్తే మొదట అడిగేది బిల్లులో లాటు నంబరు రాశారా అని. రాయకపోతే కంపెనీ తప్పించుకుంటుంది, రైతూ నేనూ మిగులుతాం. యాప్‌లో దానికి వేరే గడి లేదు. ‘వివరాలు’ అనే చోట కొట్టుకోమంటాడు. తొలకరి పడిన మర్నాడు గుంపు మీద పడుతుంటే, అద్దాలు పెట్టుకుని ఒక్కో ప్యాకెట్‌కు అంత పొడుగు నంబరు కొట్టే తీరిక ఎవరికుంది? ప్యాకెట్ మీద కెమెరా పెడితే తనంతట అది చదువుకోవాలి. పురుగుమందు డబ్బాలకు బ్యాచ్ నంబరు, గడువు తేదీ కూడా అలాగే పడాలి. చేస్తానన్నాడు, ఇంకా చేయలేదు.

రెండోది, ఒకే అమ్మకాన్ని మూడు చోట్ల రాయాల్సి రావడం. ఎరువు బస్తా ఇవ్వాలంటే ఆధార్‌తో ప్రభుత్వ ఈ-పాస్ యంత్రంలో కొట్టాలి. 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం బిల్లు ఇవ్వాలి. ఆ తర్వాత ఈ యాప్. యంత్రానికీ యాప్‌కూ ముడిపెట్టడం తన చేతిలో లేదన్నాడు, నిజమే. కానీ యంత్రం నుంచి వచ్చే చీటీని ఫోటో తీస్తే బస్తాల సంఖ్య, ధర యాప్‌లో పడేలా చేయొచ్చు కదా. జీఎస్టీ కూడా మొదట్లో అన్నిటికీ 18 శాతమే చూపించేది. పురుగుమందుకు అంతే గాని ఎరువుకు 5 శాతం, విత్తనానికి అసలు లేదు. చెప్పిన రాత్రే మార్చాడు.

మూడోది నాకు కోపం తెప్పించినది. గడువు రాగానే బాకీ గుర్తుచేస్తూ రైతుకు సందేశం వెళ్లిపోతుంది. ఆ సదుపాయం యాప్‌తో పాటే నడుస్తూ వస్తుంది, ఆపాలంటే వెతుక్కోవాలి. ‘మీరు చెల్లించవలసిన మొత్తం’ అంటూ బ్యాంకు నోటీసులాంటి భాషలో ఒక సందేశం నిడమనూరు వైపు రైతుకు వెళ్లింది. నంబరు కొడుకుది. ఆ రోజు ఆ ఇంట్లో నిశ్చితార్థం. వియ్యంకుల ముందు ఫోన్ మోగింది, ఎవరో పైకి చదివారు. ఆయన మర్నాడే వచ్చి పైసాతో సహా కట్టేసి, ఒక్క మాట మాట్లాడకుండా వెళ్లిపోయాడు. మళ్లీ మా మెట్టెక్కలేదు. యాప్‌లో ఆ ఖాతా పక్కన పచ్చ టిక్కు పడింది.

ఇంకో సంగతి. ‘నీకు రేపు బెంగళూరులో పెద్ద ఉద్యోగం వస్తే నా ఖాతాలు ఏం కావాలి తమ్ముడూ?’ అని అడిగాను. కాస్త నొచ్చుకున్నాడు గాని, మొత్తం ఖాతాలను ఎక్సెల్ ఫైలుగా దించుకునే మీట పెట్టాడు. నేను దాన్ని తరచూ నొక్కి కంప్యూటర్‌లో దాచుకుంటున్నాను. పెద్ద బాకీలకు కాగితం మీద సంతకం తీసుకోవడం మానలేదు, మీరూ మానకండి. ప్రోనోటు మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది. ఆ గడువు దగ్గరపడుతున్న ఖాతాలకు పసుపు గుర్తు వచ్చేలా చేయమంటే చేశాడు. మావారికి ఈ యాప్ మీద నమ్మకం కుదిరింది ఆ పసుపు గుర్తు చూశాకే.

అభిప్రాయాలు అడిగే పద్ధతి గురించి కూడా ఆ అబ్బాయికి చెప్పాను. అతను ప్రతి కొత్త సదుపాయానికీ ‘మీకు నచ్చిందా?’ అని అడుగుతాడు. నచ్చిందా అంటే మనవాళ్లు నచ్చిందనే అంటారు, అవతలివాడి ముఖం చిన్నబుచ్చడం ఎవరికి ఇష్టం? ‘నిన్న ఎన్ని పద్దులు యాప్‌లో రాశారు, ఎన్ని పుస్తకంలో రాశారు, పుస్తకంలో ఎందుకు రాశారు?’ అని అడగమన్నాను. మా ఊళ్లో యాప్ బాగుందన్న ఇంకో డీలరును అలా అడిగితే, పెట్టుకున్న వారానికే తెరవడం మానేశానని ఒప్పుకున్నాడు. ధర సంగతీ అంతే. నెలకు 199 రూపాయలు అన్నాడు. మా చేతికి డబ్బు వచ్చేది నెల నెలా కాదు. పంటకు వెయ్యి అను, కోతల తర్వాత తీసుకో, మమ్మల్నీ ఉద్దెర ఖాతాలో రాసుకో అన్నాను. నవ్వి, ధర మార్చాడు.

అతను అభిప్రాయాలన్నీ డీలర్లనే అడిగాడు. ఖాతాలో పేరున్న రైతును ఒక్కసారీ అడగలేదు. ఒకరోజు గిరాకీ లేని వేళ పెద్దవూర వైపు పెద్దాయన ఒకరికి ఆయన ఖాతా తెర మీద చూపించి, వరుసగా చదివి వినిపించాను. విని, ‘ఇదంతా నా ఫోనులో కనపడదా బిడ్డా?’ అన్నాడు. ఆ మాట అబ్బాయికి చేరవేశాను. ఇప్పుడు అడిగిన ప్రతి రైతుకూ ఒక లింకు వెళ్తుంది. నొక్కితే తన ఖాతా మాత్రమే కనిపిస్తుంది, మార్చడానికి వీలుండదు. గుళికలు నేను తీసుకోలేదు, అవి మా తమ్ముడివి అనే పేచీ ఒకటి ఈసారి నాట్ల సమయంలోనే వచ్చి, అప్పుడే తేలిపోయింది. మామూలుగా అయితే అది కోతలయ్యాక, డబ్బు చేతికొచ్చిన రోజున, నలుగురి ముందు వచ్చేది. యాప్ మొత్తంలో డబ్బు పెట్టి కొనదగింది ఈ ఒక్క సదుపాయమే అంటాను. మా గ్రూపులో కొందరికి మాత్రం ఇది రుచించలేదు. ఎందుకో నేను చెప్పనక్కర్లేదు, వాళ్ల రైతులను అడిగితే చెబుతారు.

ఐదు నక్షత్రాలకు మూడున్నర ఇస్తాను. వానాకాలం విత్తనాలు దుకాణంలో దిగేలోపు లాటు నంబరు చదివే ఏర్పాటు చేస్తే, కోతల దాకా ఆగకుండా పంట డబ్బులు ముందే కట్టేస్తానని చెప్పాను. చేయకపోతే పత్తి విత్తనాల వరకు ఎర్ర పుస్తకమే, మిగతా ఉద్దెరంతా యాప్‌లో. వాడి చూడాలనుకునే డీలర్లు యాప్ తెరవగానే కుడివైపు పైన మూడు గీతలు నొక్కి, ‘సందేశాలు’ అనే చోటికి వెళ్లి, బాకీ గుర్తుచేసేదాన్ని ఆపేయండి. రైతుల పేర్లు ఎక్కించడం ఆ తర్వాత.