మాటల్లేని సినిమాకి సబ్‌టైటిల్ చార్జీ! డీవీడీ కొనేవాళ్లు చూసుకోండి

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. యాన్ ష్వాంక్మయెర్ 1996లో తీసిన చెక్ సినిమా 'కాన్‌స్పిరేటర్స్ ఆఫ్ ప్లెజర్' డీవీడీ ఆన్‌లైన్‌లో కనబడితే కాస్త ఆగండి. సినిమా మీద నాకే ఫిర్యాదూ లేదు. ఆరుగురు మామూలు మనుషులు, ఒక్కొక్కరికీ బయటికి చెప్పుకోలేని ఒక్కో పిచ్చి. ఉత్తరాలు పంచే ఆవిడ రొట్టె పిసికి, చిన్న చిన్న ఉండలు చుట్టి ముక్కులో, చెవుల్లో కూరుకుంటుంది. టీవీలో వార్తలు చదివే ఆవిడకి చేపల పిచ్చి, పత్రికలమ్మే కొట్టాయనకి ఆవిడ పిచ్చి. ఇంత జరిగినా పాత్రల నోట ఒక్క మాట రాదు.

ఆ సంగతి తెలిసీ మోసపోయాను, అదీ నా సిగ్గు. 'ఒరిజినల్ ఇంపోర్ట్, 899' అని పెట్టి, కింద 'ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌కి అదనంగా 150' అన్నారు. మాటలే లేనిదానికి ఏం రాస్తార్రా అని అక్కడే ఆగాల్సింది. డబ్బు చేతిలో పెట్టాకే కవరు విప్పనిచ్చాడు కొరియర్ అబ్బాయి.

డిస్కు తిరగేస్తే అడుగు ఊదారంగు. ఫ్యాక్టరీ డిస్కు అడుగు వెండిలా మెరుస్తుంది, డబుల్ లేయరుదైతే కాస్త పసిడి ఛాయ. ఊదా కనబడిందా, ఎవరో కంప్యూటర్లో రాసిందే. పైగా డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో చెప్పే రీజియన్ నంబరొకటి ఉంటుంది; యూరప్ డిస్కులవి మామూలుగా 2, మనది 5, అక్కడిది ఇక్కడి ప్లేయర్లో మామూలుగా ఆడదు. నా పాత ప్లేయర్లో అది హాయిగా ఆడినప్పుడే అనుమానం రావాలి! చేపల సీను మధ్యలో పుటుక్కున తెగింది. సబ్‌టైటిల్ నొక్కితే సినిమా పొడుగునా ఒకటే ముక్క: 'మ్యూజిక్'. దానికి నూటయాభై.

అమ్మినవాళ్లకి ఫోన్ చేశాను. "సబ్‌టైటిల్స్ వచ్చాయి కదండీ సార్, ఇంకేంటి?"

"డిస్కే నకిలీది బాబూ."

"మీ పిన్‌కి రిటర్న్ పికప్ లేదండి."

మా గజపతి జిల్లా పిన్ అనగానే ఇదే పాట. బోర్డరు దాటితే ఆంధ్రాలో పాతపట్నం, అక్కడ మా బావగారి ఇల్లుంది, అక్కడికొచ్చి పట్టుకెళ్లండన్నాను. డెలివరీ అడ్రసు నుంచే తీసుకుంటామన్నాడు. మూడోసారి నుంచి ఫోనే ఎత్తలేదు.

1915కి, అదే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫిర్యాదు రాయించాను. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం సైటు వాళ్ల గ్రీవెన్స్ ఆఫీసరు, అంటే ఫిర్యాదులు చూసేవాడు, 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. అందిందని మెసేజ్ వచ్చి పదకొండు రోజులైంది. కవరు, బిల్లు, డిస్కు అన్నీ దాచాను.

ఈ సినిమా అసలు డిస్కు ఎవరి దగ్గరైనా ఉంటే అడుగు వైపు ఫొటో పెట్టండి, ఫిర్యాదుకి జత చేస్తాను.