మోస్లే పేరు వెతుక్కుంటూ గల్లిపోలికి

ఆవర్తన పట్టిక పాఠం చెప్పేటప్పుడు ఏటా నేను బ్రిటిష్ భౌతికశాస్త్రవేత్త హెన్రీ మోస్లే దగ్గర కాసేపు ఆగుతాను. కోబాల్ట్ పరమాణు భారం నికెల్ కంటే కాస్త ఎక్కువే. అయినా పట్టికలో కోబాల్టే ముందుంటుంది. ఎందుకంటే లెక్కలోకి వచ్చేది బరువు కాదు, పరమాణు సంఖ్య, అంటే కేంద్రకంలో ఎన్ని ప్రోటాన్లున్నాయనేది. ఆ సంగతి 1913లో ఎక్స్‌-కిరణాలతో తేల్చింది ఆయనే. 43, 61, 72, 75 గళ్లు ఖాళీగా ఉన్నాయని కూడా చెప్పాడు. తర్వాత నాలుగూ దొరికాయి. అవి దొరికేసరికి ఆయన లేడు. 1915 ఆగస్టు 10న, ఇరవై ఏడేళ్ల వయసులో మొదటి ప్రపంచ యుద్ధంలో, టర్కీలోని గల్లిపోలి దగ్గర చనిపోయాడు. ఆ చోటు చూడాలని నాకు ఎన్నాళ్లుగానో ఉంది. కిందటి అక్టోబరులో టర్కీ వెళ్లినప్పుడు మా వారిని ఒప్పించి రెండు రోజులు దానికే పెట్టుకున్నాం.

ఇస్తాంబుల్ నుంచి బస్సులో ఐదు గంటలు పైనే పట్టింది. బస్సు మాత్రం హాయిగా ఉంది. బస చేయడానికి డార్డనెల్స్ జలసంధికి అటువైపు చనక్కలే, ఇటువైపు ఎజెయాబాత్ ఉన్నాయి. చనక్కలే పెద్ద ఊరు, హోటళ్లు ఎక్కువ. యుద్ధభూమి ఇటువైపే కాబట్టి మేం ఎజెయాబాత్‌లో దిగాం. పొద్దున్నే బయల్దేరాలంటే ఇదే నయం. మా గది కిటికీలోంచి నీళ్లు, ఫెర్రీలు కనిపించేవి. కానీ స్నానానికి వేడినీళ్లు రావడానికి రెండుసార్లు అడగాల్సి వచ్చింది. రాత్రి భోజనానికి కూడా ఇక్కడ పెద్దగా చోట్లు లేవు. శాకాహారులకు ఎర్రపప్పు సూప్, రొట్టె ఎక్కడైనా దొరుకుతాయి. సాయంత్రం వేరే ఏమైనా తినాలనిపిస్తే పాతిక నిమిషాల్లో ఫెర్రీ మీద చనక్కలే వెళ్లిరావచ్చు.

మొదటిరోజు ఒక పూట టూర్ తీసుకున్నాం. ముఖ్యమైన స్మారకాలన్నీ చూపిస్తామన్నారు, తీరా వ్యాన్ ఎక్కాక మోస్లే పేరు చెక్కిన హెలెస్ స్మారకం మా రూట్‌లో లేదన్నారు. నాకు చాలా బాధేసింది, అక్కడికే కదా వచ్చింది! ఆన్జాక్ (ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సేన) దిగిన తీరం, లోన్ పైన్, చునుక్ బైర్ శిఖరం చూపించారు. గైడ్ ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సైనికుల గురించీ, టర్కీ సేనాని ముస్తఫా కెమాల్ గురించీ బాగా చెప్పాడు. మోస్లే పేరు మాత్రం ఎప్పుడూ వినలేదట. ఆన్జాక్ చరిత్ర కోసమే వెళ్లేవాళ్లకు ఆ టూర్ సరిపోతుంది. మోస్లే కోసం వెళ్లేవాళ్లు టాక్సీ మాట్లాడుకోండి, ఎక్కడెక్కడ ఆగాలో ముందే కాగితం మీద రాసి చూపించండి. రెండోరోజు మేం చేసింది అదే.

పొద్దున్నే మళ్లీ చునుక్ బైర్ ఎక్కాం. అక్కడి నుంచి ఒక కాలిబాట కిందికి, ఫార్మ్ అనే సమాధుల స్థలానికి దిగుతుంది. నిటారుగా ఉంటుంది, మట్టి జారుతుంది, మంచి బూట్లు ఉండాలి. దిగుతుంటే మా వారు రెండుసార్లు నా చెయ్యి పట్టుకున్నారు. కింద ఒక పచ్చటి చదును, చుట్టూ పొదలు, అంతే. ఆరొందల మందికి పైగా అక్కడ ఉన్నారు, పేరు తెలిసినవాళ్లు ఏడుగురే. మిగతా చోటంతా గడ్డి.

యుద్ధం మొదలైనప్పుడు మోస్లే శాస్త్రవేత్తల సమావేశం కోసం ఆస్ట్రేలియాలో ఉన్నాడు. వెంటనే ఇంగ్లండ్ తిరిగొచ్చి, పట్టుబట్టి రాయల్ ఇంజనీర్స్‌లో చేరాడు. ఇక్కడ 38వ బ్రిగేడ్‌కు సిగ్నల్ ఆఫీసరు. ఫోన్ తీగలు, సందేశాలు ఆయన పని. ఆ ఆగస్టు 10 తెల్లవారుజామున టర్కీ సైన్యం ఈ శిఖరం మీది నుంచి ఒక్కసారిగా కిందికి విరుచుకుపడింది. ఫోన్‌లో ఆర్డరు చెబుతుండగా మోస్లే తలకు తూటా తగిలి పోయాడు. నేను నిలబడ్డ చోటు నుంచి పైకి చూస్తే ఆ శిఖరం ఎంత దగ్గరో! దాక్కోవడానికి చాటు ఏదీ కనిపించలేదు. అక్కడ చాలాసేపు కూర్చున్నాం. ఇంకెవరూ రాలేదు.

కబతెపె దగ్గరి ప్రదర్శన కేంద్రంలో తెరలూ, పేలుళ్ల శబ్దాలూ ఉంటాయట. పిల్లలతో వెళ్లేవాళ్లకు బాగుంటుందేమో గానీ, ఫార్మ్ చూసొచ్చాక నాకు వెళ్లబుద్ధి కాలేదు.

హెలెస్ స్మారకం గల్లిపోలి ద్వీపకల్పం కొసన, ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉంది. ముప్పై మీటర్లకు పైగా ఎత్తున్న రాతి స్తంభం, దాని చుట్టూ గోడలు. సమాధి ఎక్కడో తెలియని ఇరవై వేలమందికి పైగా పేర్లు వాటి మీద చెక్కారు. రాయల్ ఇంజనీర్స్ పలకలు వెతకడానికే చాలాసేపు పట్టింది.

"ఇదిగో, నీ మోస్లే ఇక్కడున్నాడు" అని మా వారే పిలిచారు.

ఇంటిపేరు, పక్కన మూడు పొడి అక్షరాలు. పరమాణు సంఖ్య గురించి ఒక్క ముక్క లేదు. మిగతావాళ్లకు ఎంత చోటు ఇచ్చారో ఆయనకూ అంతే. అక్షరాల గాడుల్లో వేలు పెట్టి ఒక్కొక్కటే తడిమాను, రాయి ఎండకు వెచ్చగా ఉంది. ఫోటో తీసేటప్పుడు పైనా కిందా ఉన్న పేర్లు కూడా పడేలా కాస్త వెనక్కి జరిగాను. ఈ ఏడు పాఠంలో ఆ ఫోటోనే చూపిస్తాను.