జర్మనీలో ఊరి వాలీబాల్ క్లబ్బు: చాలా సీజన్లు ఆడాక నా సమీక్ష

జర్మనీకి చదువుకోవడానికి వెళ్ళే నెల్లూరు, ఒంగోలు పిల్లలకు నేను చెప్పేది ఒకటే: దిగిన మొదటి ఏడాదిలోనే అక్కడి ఊరి స్పోర్ట్స్ క్లబ్బులో చేరండి. ఆట అంతంతమాత్రంగా వచ్చినా చేరండి. నేను సాక్సనీ రాష్ట్రంలోని కెమ్నిట్జ్‌లో చదువుకోవడానికి వెళ్ళి, అక్కడే ఉద్యోగం చూసుకుని, మొదట చేరిన క్లబ్బులోనే ఇప్పటికీ వాలీబాల్ ఆడుతున్నాను. సెలవులకు కావలి వచ్చినప్పుడల్లా ఎవరో ఒక తమ్ముడు "అన్నా, ఆడ మనల్ని ఆడనిస్తారా?" అని అడుగుతుంటాడు. ఆడనిస్తారు. ఎట్టా ఆడనిస్తారో, ఎంత ఓపిక పట్టాలో ముందే తెలిస్తే మంచిదని ఇది రాస్తున్నాను.

మాది కావలి పక్కన పల్లె. మాకు వాలీబాల్ అంటే బడి వెనక ఎర్రమట్టి కోర్టు, రెండు సరుగుడు కర్రలు, అతుకులేసిన నెట్టు. సంక్రాంతికి చుట్టుపక్కల ఊళ్ళ జట్లు వచ్చేవి, బహుమతి డబ్బు ఊరి పెద్దలు ఇచ్చేవాళ్ళు. లేపేవాడు లేపుతాడు, కొట్టేవాడు కొడతాడు, ఎవరి చోటు వాళ్ళదే. నేను కొట్టేవాణ్ణి. తర్వాత కాలేజీ రోజుల్లో జవహర్ భారతి గ్రౌండులో కూడా ఆడాను. నా అనుభవం అంతవరకే, జిల్లా జట్టు దాకా ఎప్పుడూ పోలేదు.

జర్మనీలో క్లబ్బును ఫెరైన్ అంటారు. ఏడుగురు సభ్యులుంటే చాలు, న్యాయస్థానంలో రిజిస్టర్ చేసుకోవచ్చు. లాభం కోసం నడపరు. ఇలాంటి స్పోర్ట్స్ క్లబ్బులు దేశం మొత్తం మీద సుమారు 86 వేలు ఉన్నాయి, కాబట్టి మీరు ఏ మూలన దిగినా దగ్గర్లో ఒకటి ఉంటుంది. ఒకే క్లబ్బు కింద ఫుట్‌బాల్, టేబుల్ టెన్నిస్, జిమ్నాస్టిక్స్, వాలీబాల్ అని విభాగాలుంటాయి. పెద్దవాళ్ళకు నడుం నొప్పి వ్యాయామాలు కూడా అందులోనే. జీతగాళ్ళు దాదాపు ఉండరు. మా ట్రైనర్ పగలు ఎలక్ట్రీషియన్, లెక్కలు చూసే ఆవిడ బ్యాంకులో చేసి రిటైరయ్యారు. ట్రైనర్లకు ఇచ్చే భత్యం మీద ఏడాదికి ఒక పరిమితి దాకా పన్ను ఉండదు, 2021లో ఆ పరిమితిని 3,000 యూరోలకు పెంచారు. మా దగ్గర ఆ దరిదాపుల్లో కూడా ఎవరూ తీసుకోరు. పెట్రోలు ఖర్చు వస్తే చాలనుకునే మనుషులు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పని చేసిపెట్టే మనుషులు లేని చోట పని అందరి మీదా పడుతుంది. కొత్తగా వచ్చినవాడికి దారి దొరికేది కూడా ఆ పనిలోనే.

చేరడం తేలిక. ముందు ఒక మెయిల్ రాసి, రెండు మూడు సార్లు ఉచితంగా వెళ్ళి ఆడి చూడొచ్చు. నచ్చితే ఒక ఫారం నింపి, ప్రతి నెలో మూడు నెలలకోసారో బ్యాంకు ఖాతా నుంచి డబ్బు తీసుకోవడానికి సంతకం పెట్టాలి. నెలకు పది, పదిహేను యూరోల మధ్య పడుతుంది, స్టూడెంట్లకు చాలా చోట్ల తగ్గింపు ఉంటుంది. బయట జిమ్ముకు కట్టేదానికన్నా తక్కువ. ఆటలో దెబ్బ తగిలితే ఆదుకోవడానికి సభ్యులకు క్రీడా సమాఖ్య తరఫున బీమా కూడా ఉంటుంది, మీ హెల్త్ ఇన్సూరెన్సుకు తోడుగా.

ట్రైనింగ్ రాత్రి ఎనిమిది నుంచి పది దాకా, స్కూలు హాల్లో. ఎనిమిదికి అంటే ఎనిమిదికి బంతి లేవాలి, కాబట్టి అంతకు ముందే నెట్టు కట్టాలి. హాలు నేలలో గుండ్రటి మూతలుంటాయి. మూత తీస్తే లోపల గొట్టం. ఇద్దరు మనుషులు స్టోరు గదిలోంచి ఇనప స్తంభాన్ని మోసుకొచ్చి నిట్టనిలువుగా అందులో దించుతారు. నెట్టు తాడు కొక్కేనికి తగిలించి చిన్న చక్రం తిప్పుతుంటే బిగుసుకుంటుంది. తర్వాత ఒకరు కొలకర్ర తెచ్చి మధ్యలో, రెండు చివర్లా పెట్టి చూస్తారు: మగవాళ్ళకు 2.43 మీటర్లు. మా పల్లెలో చెయ్యెత్తి కంటితో చూసి తాడు బిగించేవాళ్ళం. మొదటి రోజు నాకు జర్మన్ నాలుగు ముక్కలు కూడా సరిగ్గా రాదు, ఎవరితో ఏం మాట్లాడాలో తెలియక టెన్షన్. స్తంభం రెండో చివర పట్టుకున్నాను. పట్టుకున్నప్పుడు "ఎత్తు, ఆగు, దించు" అని అవతలి మనిషి చెప్పాలి కదా, మాటలు అక్కడ మొదలయ్యాయి. ఆ తర్వాత నేను ఎప్పుడూ పావుగంట ముందే వెళ్తాను. కొత్తవాళ్ళెవరికైనా ఇదే చెప్తాను, ఆట మొదలయ్యే టైముకు వెళ్తే ఆట మాత్రమే దొరుకుతుంది.

మొదటి సీజన్ మాత్రం కష్టం. అక్కడ నియమం ప్రకారం అందరూ ఆరు స్థానాలూ తిరగాలి. వెనక వరసలోకి వచ్చినప్పుడు సర్వీసు అందుకోవడం నాకు చేతకాదు, ఊళ్ళో ఆ అవసరం రాలేదు. ట్రైనర్ మోకాళ్ళు వంచమని, చేతులు ముందే కలపొద్దని నెలల తరబడి ఒకే మాట చెప్పాడు, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. మ్యాచ్‌లకు బెంచీ మీద కూర్చోబెట్టేవాళ్ళు. ట్రైనింగ్ అయ్యాక అందరూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే సాక్సనీ యాసలో సగం నా చెవికి ఎక్కేది కాదు. జర్మన్లు తొందరగా కలవరు, ఈ మాట నిజం. ఇంటికి భోజనానికి పిలిచింది రెండో సీజన్‌లో. కానీ పిలిచారంటే అది మాట వరసకు కాదు. నాకు ఇల్లు మారాల్సి వచ్చినప్పుడు జట్టులో సగం మంది వచ్చి సామాను మోశారు, ఒకతను ఆఫీసు వ్యాను తెచ్చాడు.

అసలు సంగతి మ్యాచ్ రోజు తెలుస్తుంది. కింది లీగుల్లో చాలా చోట్ల ఒక రోజు మూడు జట్లు ఒకే హాల్లో కలుస్తాయి. రెండు జట్లు ఆడుతుంటే మూడో జట్టు రెఫరీలుగా నిలబడాలి. విజిల్ ఊదేవాళ్ళు, స్కోరు షీటు రాసేవాళ్ళు, అందరూ ఆటగాళ్ళే. ఇప్పుడే ఓడిపోయిన జట్టు పది నిమిషాల్లో చెమట తుడుచుకుని వచ్చి, తమను ఓడించినవాళ్ళ మ్యాచ్‌కి న్యాయంగా విజిల్ ఊదాలి. మన సంక్రాంతి పందేల్లో రెఫరీ కోసం ఎంత గొడవ జరిగేదో చూసినవాణ్ణి కాబట్టి నాకు ఇది ఎంతో గొప్పగా తోచింది. దీనికి లైసెన్సు ఉండాలి. నేను ఆన్‌లైన్ కోర్సు చదివి, పరీక్ష రాసి తెచ్చుకున్నాను. జర్మన్‌లో నియమాల పుస్తకం చదవడం నాకు బి1 అనే జర్మన్ భాషా పరీక్షకన్నా ఎక్కువ భాష నేర్పింది. లైసెన్సు ఉన్న మనిషి ప్రతి జట్టుకూ అవసరం, అందుకని ఆటలో ఇంకా బెంచీ మీద ఉన్నప్పుడే నేను జట్టుకు కావాల్సినవాణ్ణయ్యాను. సొంత హాల్లో మ్యాచ్ ఉంటే వచ్చిన జట్లకు తిండి మనమే పెట్టాలి. ఒకరు కేకు, ఒకరు సలాడు, నేను పులిహోర. బల్ల మీద మొదట ఖాళీ అయ్యేది ఆ గిన్నే.

చేదు కూడా చెప్పాలి. ఒక చిన్న ఊళ్ళో మ్యాచ్‌లో, నేను సర్వీసుకు వెళ్ళినప్పుడల్లా చూడ్డానికి వచ్చినవాళ్ళలో ఇద్దరు ముగ్గురు నా రంగు మీద కూతలు కూశారు. రెఫరీతో మాట్లాడే హక్కు కెప్టెన్‌కే ఉంటుంది. మా కెప్టెన్ నేరుగా రెఫరీ స్టాండు దగ్గరకు పోయి, వాళ్ళు బయటికి పోయేదాకా మేము ఆడం అని చెప్పాడు. ఆ ఊరి జట్టువాళ్ళే పోయి వాళ్ళను బయటికి పంపించారు. ఆ సెట్టు ఓడిపోయాం. అతన్ని ఆ రోజు నుంచి నేను మనసులో అన్న అనే పిలుచుకుంటాను. ఒంటరిగా ఆ ఊరు పోయి ఉంటే నా తరఫున ఎవరు నిలబడేవాళ్ళు?

ఇక లోపాలు. స్కూళ్ళకు సెలవులిస్తే చాలా హాళ్ళు మూసేస్తారు, సరిగ్గా మనకు ఖాళీ దొరికినప్పుడే ఆట ఉండదు. శని, ఆదివారాల్లో పార్ట్ టైమ్ ఉద్యోగం చేసేవాళ్ళకు మ్యాచ్‌లు కుదరవు. మానెయ్యాలంటే నోటిమాట చాలదు, గడువులోపల రాతపూర్వకంగా ఇవ్వాలి. చాలా క్లబ్బుల్లో ఏడాది చివరకో ఆరు నెలల చివరకో తప్ప వదలరు. నాతో చేరిన స్నేహితుడు ఇంటర్న్‌షిప్‌కి వేరే ఊరు పోయి, ఆడని నెలలకు కూడా డబ్బు కట్టాడు. ఫారం మీద ఆ ఒక్క పేరా సంతకానికి ముందు చదవండి.

యూనివర్సిటీలో సెమిస్టరు స్పోర్ట్స్ కోర్సులుంటాయి, చవకే. రిజిస్ట్రేషన్ తెరిచిన కాసేపటికే నిండిపోతాయి, ప్రతి సెమిస్టరూ మనుషులు మారిపోతారు. మనవాళ్ళే కలిసి వారాంతం ఆడుకునే గ్రూపులు కూడా ఉంటాయి, పండగల్లో అవే దిక్కు, నేనూ వెళ్తాను. కానీ ఆ ఊరి మనిషిగా బతకాలంటే క్లబ్బే. ఏడాదికోసారి సభ్యుల సమావేశం పెట్టి, బంతులకు ఎంత, హాలు అద్దెకు ఎంత అని లెక్కలు చదివి వినిపిస్తారు. ఎవరైనా లేచి అడగొచ్చు. ఆ దేశం ఎన్నికల్లో నాకు ఓటు లేదు, ఆ గదిలో ఉంది. మొదటిసారి చెయ్యెత్తి ఓటేసిన రాత్రి నాయనకు ఫోన్ చేసి చెప్పాను. "చదువుకోరా అని పంపితే బంతాట ఏందిరా" అని మొదట్లో కోప్పడిన మనిషి, "అయితే మీ క్లబ్బులో డబ్బులెంత ఉండాయి?" అని అడిగాడు.

ఆడపిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. మన దగ్గర పదో తరగతి దాకా బాగా ఆడి, తర్వాత ఆట మానేసినవాళ్ళు ఎందరో. మా పెదనాన్న కూతురు అట్లాంటిదే. అక్కడికి వచ్చాక ఆడవాళ్ళ జట్టులో చేరింది. వాళ్ళ నెట్టు 2.24 మీటర్లు. పోటీ వద్దనుకుంటే ఆడా మగా కలిసి సరదాకు ఆడే గ్రూపులు వేరే ఉంటాయి. పిల్లలున్న తల్లులు, యాభై దాటినవాళ్ళు కూడా వాటిల్లో వచ్చి ఆడుతున్నారు.

లీగు సెప్టెంబరు, అక్టోబరుల్లో మొదలై మార్చి, ఏప్రిల్ దాకా సాగుతుంది. జట్లు కొత్తగా కూర్చుకునేది ఆ తర్వాత, కాబట్టి అక్టోబరులో దిగేవాళ్ళకు ఆ ఏడాది జట్టులో చోటు దొరకడం కష్టం. అయినా ట్రైనింగ్‌కి వెళ్తూ ఉండండి. నేల మీద మరకలు పడని సోల్ ఉన్న బూట్లు తప్పనిసరి, బయట నడిచిన బూట్లతో హాల్లోకి రానివ్వరు. మోకాలి ప్యాడ్లు ఇక్కడే కొనుక్కుని పొండి. మెయిల్ జర్మన్‌లో నాలుగు వాక్యాలు చాలు: పేరు, ఊరు, ఎంతకాలంగా ఆడుతున్నారు, ఎప్పుడు రావచ్చు. జవాబు రాకపోతే మనసు కష్టపెట్టుకోకండి, అది చూసేవాళ్ళకు కూడా పగలు ఉద్యోగాలుంటాయి. ట్రైనింగ్ టైము క్లబ్బు వెబ్‌సైటులో ఉంటుంది. ఆ రోజు కాస్త ముందుగా హాలు దగ్గరకు పోయి, తాళం తీసే మనిషిని పలకరించండి.