‘మసక మసక’ పాటకు మసక పట్టకుండా: కర్నూల్లో ఒక క్యాసెట్ కన్వర్షన్ షాపు

కర్నూలు పాతబస్తీలో, కొండారెడ్డి బురుజు నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, క్యాసెట్లలోని పాటల్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే చిన్న షాపు ఉంది. బయట బోర్డు మొబైల్ రిపేర్లదే. లోపల టేబుల్ మీద రెండు క్యాసెట్ డెక్కులు, ఒక కంప్యూటర్. షాపువాళ్లకి టేపు పని బాగా వచ్చు, కంప్యూటర్ పనిలో చెయ్యి దురుసు. ఏం చేయాలో, ఏం వద్దో ముందే చెప్పి పని ఇస్తే నష్టం లేదు.

పరీక్షకు ఇచ్చింది ఒక్క పాటే, మూడు క్యాసెట్లలో. ‘మసక మసక చీకటిలో’. మొదటిది 1973 నాటి ‘దేవుడు చేసిన మనుషులు’ సినిమాకి రమేష్ నాయుడు సంగీతంలో ఎల్.ఆర్. ఈశ్వరి పాడింది, లిస్టు రాసిస్తే పాటలు ఎక్కించి ఇచ్చే పాత రికార్డింగ్ షాపులో చేయించిన సి-90, అంటే 90 నిమిషాల క్యాసెట్. రెండోది స్మిత పాప్ రీమిక్స్, కంపెనీ క్యాసెట్. మూడోది తిరునాలలో ఆర్కెస్ట్రా వాళ్లు పాడుతుంటే స్టేజీ ముందు టేప్‌రికార్డర్ పెట్టి పట్టింది.

ముందు మెచ్చుకోవాల్సింది. టేపును చదివే హెడ్డునీ, టేపును లాగే క్యాప్‌స్టన్ కడ్డీనీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాకే క్యాసెట్ పెడతారు. సి-90 టేపు పల్చన కాబట్టి ప్లే చేసేముందు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒకసారి చుట్టి, వెనక్కి తెస్తారు. ఆ తర్వాత అసలు పని: హెడ్డు పక్కనుండే చిన్న స్టార్ స్క్రూ. పాత రికార్డింగ్ షాపుల్లో ఒక్కో డెక్కు హెడ్డు ఒక్కో వాలులో ఉండేది. అదే వాలుకి ఇక్కడి హెడ్డును తేకపోతే పాట దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. సినిమా పాట మోనో, అంటే కుడి ఎడమల్లో ఒకే ధ్వని కాబట్టి రెండు ఛానళ్లనూ కలిపి విని, స్క్రూను కొద్దికొద్దిగా తిప్పుతారు. ఇందుకు ఈ పాట మొదటి వరుసను మించిన పరికరం లేదు: ‘మసక మసక’లో ‘స’ రెండుసార్లు, వెంటనే ‘చీ’. వాలు తప్పితే ముందు పోయేవి ఆ అక్షరాలే. స్క్రూ పావు చుట్టు తిరిగేలోపే ‘స’ మొద్దుబారడం, మళ్లీ పదునెక్కడం తెలిసిపోతుంది. ఈ షాపు మూడు క్యాసెట్లకీ మూడుసార్లు సరిచేసింది.

స్పీడు మాత్రం చూడలేదు. సి-90లోని పాట దాదాపు 3 శాతం వేగంగా వచ్చింది, అంటే శ్రుతి అరమెట్టు కాదుగానీ అందులో సగం పైకి. డెక్కులో టేపును తిప్పే బెల్టు మీద అనుమానపడే ముందు కంపెనీ క్యాసెట్ పెట్టి, వాయించే కీబోర్డు శ్రుతితో పోల్చాలి. అది సరిగ్గానే పలికింది, కాబట్టి తప్పు అప్పట్లో ఎక్కించిన మెషీన్‌ది. సాఫ్ట్‌వేర్‌లో స్పీడే తగ్గించాలి; పిచ్ (శ్రుతి) ఒక్కటే దించితే తాళం పరుగు అలాగే ఉంటుంది. శ్రుతి తేడా గాయనిదా టేపుదా అని తేల్చకుండా వేరేవాళ్లు మళ్లీ పాడిన ఏ కవర్ వెర్షన్‌నీ అసలు పాటతో పోల్చకూడదు.

ఇక పెద్ద తప్పు. అడక్కుండానే సాఫ్ట్‌వేర్‌తో చప్పుడు తీసేసే ‘నాయిస్ క్లీనింగ్’ చేసి ఇచ్చారు. టేపు ‘హిస్’, అంటే వెనకాల వచ్చే ‘స్‌స్’ చప్పుడు పోయిన మాట నిజమే. దాంతోపాటే ఈశ్వరి ఊపిరి, గొంతులోని సన్నటి గరుకు కూడా పోయాయి. మిగిలింది నీళ్లలోంచి పాడినట్టుంది. ఆ పాటకి ప్రాణం ఆ గరుకే కదా! రీమిక్స్‌కి పెద్దగా నష్టం జరగలేదు. డ్రమ్స్, బేస్ ముందుకొచ్చిన పాటని పాడు చేయాలన్నా కష్టమే. తిరునాల టేపులో జనం ఈలల్ని కూడా సాఫ్ట్‌వేర్ చప్పుడు కింద లెక్కేసి ముక్కలు చేసింది. అడిగితే క్లీనింగ్ లేని ఫైళ్లు మారుమాట లేకుండా మళ్లీ ఇచ్చారు. మూడు వెర్షన్లూ వేర్వేరు మనుషుల గొంతుల్లా వినిపించింది వాటిలోనే.

60 నిమిషాల క్యాసెట్‌కి రూ.200. ఎంపీ3 ఇస్తామంటారు, ధ్వనిని కుదించని 24 బిట్ వేవ్ ఫైలు అడగండి, గంటకి దాదాపు 950 ఎంబీ అవుతుంది, అందుకు తగ్గ పెన్‌డ్రైవ్ తీసుకెళ్లాలి. గంట టేపు ఎక్కడానికి గంటే పడుతుంది. పది క్యాసెట్లు సాయంత్రానికల్లా ఇస్తామనే చోట హైస్పీడ్‌లో లాగేస్తున్నారేమో కనుక్కోండి. టేపు చప్పుడు తగ్గించే డాల్బీ బటన్ ఆపి ఉందో లేదో కూడా చూడండి, డాల్బీ లేని టేపుకి అది నొక్కి ఉంటే పైస్థాయి ధ్వని అణిగిపోతుంది.

2009 అక్టోబరు వరదలో తడిసిన క్యాసెట్లు ఈ ఊళ్లో ఇంకా అటకల మీద ఉన్నాయి. వాటిని ఇంట్లో ప్లే చేయొద్దు, బురద హెడ్డుకి అంటుకుని టేపును గీసేస్తుంది. ఇక్కడ క్యాసెట్ ప్లాస్టిక్ డబ్బా విప్పి, టేపు తుడిచి, స్క్రూలున్న వేరే డబ్బాలోకి మారుస్తారు, అదనంగా రూ.150. స్క్రూలు లేకుండా అతికించిన డబ్బా అయితే పగలగొట్టక తప్పదు, లేబుల్ మీద రాసి ఉన్న పాటల పట్టికను ముందే ఫోటో తీసుకోండి.