హావ్‌లాకా, నీలా? అండమాన్‌లో నాలుగు రాత్రులుంటే ఏది మేలు

అండమాన్‌కి నాలుగు రాత్రుల ప్రయాణం అనుకోగానే చేతికొచ్చే ప్యాకేజీ దాదాపు ఒకేలా ఉంటుంది: పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక రాత్రి, హావ్‌లాక్‌లో రెండు, తిరుగుదారిలో నీల్‌లో నాలుగైదు గంటలు, మళ్లీ పోర్ట్‌బ్లెయిర్. ఇందులో తప్పల్లా ఆ నాలుగైదు గంటల దగ్గరే ఉంది. నీల్ దీవి గడియారాన్ని బట్టి నడవదు, ఆటుపోట్లను బట్టి నడుస్తుంది.

ముందు పేర్ల సంగతి. 2018 డిసెంబరులో హావ్‌లాక్ స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్ అయ్యాయి. 2024 సెప్టెంబరులో పోర్ట్‌బ్లెయిర్ శ్రీవిజయపురం అయింది. టికెట్ మీద కొత్త పేరు కనిపిస్తుంది, ఆటోవాళ్ల నోట పాతదే వినిపిస్తుంది. ఊళ్ల పేర్లు మాత్రం మనకి ఇట్టే గుర్తుండిపోతాయి. తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల ఊళ్లివి. హావ్‌లాక్‌లో రాధానగర్, గోవిందనగర్, కృష్ణానగర్. నీల్‌లో సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్. ఒక దీవిది భాగవతం, ఇంకోదానిది రామాయణం.

హావ్‌లాక్‌కి వెళ్లడానికి మొదటి కారణం రాధానగర్ బీచ్. జెట్టీ నుంచి 12 కిలోమీటర్లు, దారి ఎత్తుపల్లాలు. పడమటి ఒడ్డు కాబట్టి సూర్యాస్తమయానికే జనం చేరతారు. ఇక్కడ చాలామంది లెక్క తప్పేది ఒక్క చోటే. గడియారం మనదే, సూర్యుడు మాత్రం మనకంటే ముందు పోతాడు. డిసెంబరులో సాయంత్రం ఐదుకల్లా అస్తమిస్తాడు. మన అలవాటు ప్రకారం భోంచేసి కునుకు తీసి నాలుగున్నరకి బయల్దేరితే చూసేది చీకటినే. మూడింటికల్లా బీచ్‌లో ఉండాలి. స్కూటర్ అద్దెకు తీసుకున్నవాళ్లు తిరుగుదారిలో దీపాల్లేని మలుపులుంటాయని గుర్తుంచుకోవాలి. బస్సు మీద ఆధారపడితే, దిగేటప్పుడే చివరి బస్సు ఎప్పుడో కండక్టర్‌ని అడిగి పెట్టుకోవాలి.

రెండో కారణం నీటి అడుగు. ఈత రానివాళ్లు కూడా శిక్షకుడి చేయి పట్టుకుని దిగే పరిచయ డైవ్‌కి హావ్‌లాక్‌లో సౌకర్యం ఎక్కువ. నీల్‌లోనూ చేయిస్తారు, కానీ ఎంపిక తక్కువ. డైవ్ పాడయ్యేది ఎక్కువగా భయం వల్ల కాదు, చెవుల వల్ల. రెండు మూడు మీటర్లు దిగేసరికి నీటి ఒత్తిడి చెవి పొరని లోపలికి నొక్కుతుంది. ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదితే తేలికపడుతుంది. నొప్పి మొదలయ్యాక కాదు, మొదలవకముందే, ప్రతి మీటరుకీ ఊదాలి. జలుబుంటే గాలి చెవిలోకి వెళ్లే దారే మూసుకుపోతుంది కాబట్టి ఆ రోజుకి మానుకోవడమే. ఒక్క డైవ్ చేసినా 12 గంటలు, రెండు మూడు చేస్తే 18 గంటలు గడిచేదాకా విమానం ఎక్కకూడదు. ఆఖరి రోజుకి డైవ్ పెట్టే ప్యాకేజీని అక్కడే పక్కన పెట్టేయొచ్చు.

హావ్‌లాక్‌లోనే ఉన్న ఎలిఫెంట్ బీచ్‌కి పడవ మీద వెళ్లొచ్చు, అడవి దారిన నడిచీ వెళ్లొచ్చు. వాన పడితే ఆ దారంతా మోకాలి దాకా బురద. తీరం పక్కనే పగడాలు కనిపిస్తాయి. 2010లో నీళ్లు వేడెక్కి అండమాన్ పగడాలు చాలావరకు తెల్లబడి చచ్చిపోయాయి. అందుకే రంగుల తోట కోసం కాదు, చేపల కోసం దిగండి, నిరాశ ఉండదు. మొసళ్ల హెచ్చరిక బోర్డు ఉన్న చోట మాత్రం మోకాలు కూడా తడపొద్దు.

ఇక నీల్. జెట్టీ దిగితే పక్కనే భరత్‌పూర్ బీచ్, చివరిదైన సీతాపూర్ ఐదారు కిలోమీటర్లే. సైకిల్ చాలు. పొలాలు, అరటి, కొబ్బరి, కూరగాయల మడులు. పోర్ట్‌బ్లెయిర్‌కి కూరగాయలు వెళ్లేది ఇక్కణ్నుంచి కూడా. పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉంటే హావ్‌లాక్ కంటే ఇదే సుఖం. ఏ బీచ్‌కైనా ఆటోలో పది పదిహేను నిమిషాలు.

ఇక్కడే ఆటుపోట్ల లెక్క వస్తుంది. భరత్‌పూర్‌లో సముద్రం పోటు మీద ఉంటే ఈతకి, పడవకి బాగుంటుంది. నీళ్లు తీశాక అదే చోట చచ్చిన పగడపు రాళ్లు బయటపడి కాళ్లు కోసుకుపోతాయి. లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్‌లోని సహజ రాతి వంతెన దీనికి సరిగ్గా తలకిందులు. నీళ్లు తీశాకే అక్కడికి నడవగలం. రాళ్ల గుంటల్లో నీళ్లు నిలిచి సముద్రపు దోసకాయ, చిన్న పీతలు, రంగు చేపలు కనబడతాయి. అడుగున పట్టున్న రబ్బరు చెప్పులు తప్పనిసరి. ఈ రెండూ ఒకే పూటలో కుదరవు, నీల్‌లో ఒక రాత్రి ఉండమనేది అందుకే. తేదీలు ఎంచుకునేటప్పుడు గోడ మీది క్యాలెండరే చూడండి. పౌర్ణమి, అమావాస్యల చుట్టూ నీళ్లు బాగా లోపలికి తీస్తాయి, వంతెన చూడ్డానికి అవే మంచి రోజులు. అష్టమి అటూ ఇటూ అంతగా తీయవు. ఆటుపోట్ల సమయం రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్న వెళ్లొచ్చినవాళ్లు చెప్పిన గంటకి దాన్ని కలుపుకోవాలి.

మొదటిసారి వెళ్లే కుర్రజంటకి, డైవ్ మీద మనసున్నవాళ్లకి ఒకే దీవి అంటే హావ్‌లాక్. అమ్మానాన్నలతో, పసిపిల్లలతో అయితే నీల్. రెండూ కావాలంటే హావ్‌లాక్‌లో రెండు రాత్రులు, నీల్‌లో ఒకటి, ఆఖరిది పోర్ట్‌బ్లెయిర్‌లో. దీనికోసం విమానం దిగిన రోజే పడవ ఎక్కాలి, కాబట్టి పొద్దున్నే చేరే విమానమైతేనే కుదురుతుంది. ఆఖరి రాత్రిని మాత్రం కదపొద్దు. సముద్రం కోపంగా ఉంటే పడవలు ఆపేస్తారు, మే నుంచి సెప్టెంబరు దాకా ఇది మామూలే. దీవిలో చిక్కుకుంటే మరుసటి రోజు విమానం పోయినట్టే.

ప్రైవేటు పడవ పోర్ట్‌బ్లెయిర్ నుంచి హావ్‌లాక్‌కి గంటన్నర, సర్కారు పడవ రెండు గంటలు దాటుతుంది. సర్కారుది చాలా చవక, డెక్ మీద నిలబడి గాలి పీల్చుకోవచ్చు. ప్రైవేటుది ఏసీ, కానీ తలుపులన్నీ మూసేసి ఉంటాయి కాబట్టి కడుపు తిప్పేవాళ్లకి కష్టం. కింది అంతస్తులో, మధ్యకి లేదా వెనక్కి సీటు అడగండి, ముందు భాగమే ఎక్కువ ఎగిరెగిరి పడుతుంది. వాంతుల మాత్ర ఎక్కడానికి అరగంట, గంట ముందే వేసుకోవాలి. ఖాళీ కడుపుతో ఎక్కొద్దు, రెండు ఇడ్లీలు తింటే నయం.

రాస్ దీవికి (ఇప్పుడు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్) బుధవారం సెలవు, సెల్యులార్ జైలు ఏ రోజు మూస్తారో ముందే కనుక్కోండి. పోర్ట్‌బ్లెయిర్ రోజు ఆ సెలవుల మీద పడకుండా చూసుకోండి. గవ్వలు, పగడపు ముక్కలు సంచీలో వేసుకోవద్దు, విమానాశ్రయంలో తీయిస్తారు.